మూసేసిన గాలికన్నం

2023 శీతాకాలం. ఆస్ట్రేలియా, న్యూ సౌత్ వేల్స్‌లోని స్నోయీ మౌంటెన్స్‌లో, రోడ్డు ఆగిపోయిన చోటి నుంచి నాలుగు గంటలు మంచులో నడిస్తే వచ్చే ఒక కొండవాలు. నేను అక్కడ గైడ్‌ని. మంచులో గుహ తవ్వుకుని ఒక రాత్రి అందులో పడుకోవడం నేర్పిస్తాను. ఆ గుహను స్నో కేవ్ అంటాం. సిడ్నీ శివారు టూంగాబీలో ఉండే మా అమ్మ ఈ ఉద్యోగం గురించి ఇప్పటికీ ఎవరికీ సరిగ్గా చెప్పలేదు.

ఆ వారం ఇద్దరే వచ్చారు. సిడ్నీలోనే ద పాండ్స్ అనే పేటలో ఉండే సుధాకర్ గారు, ఆయన భార్య మాధవి గారు. ఆయన ఐటీలో ప్రాజెక్ట్ మేనేజర్. గైడ్ తెలుగమ్మాయి అని తెలిసి సంబరపడ్డారు. నా సంబరం మాత్రం తవ్వకం మొదలయ్యేదాకానే నిలిచింది.

"మెల్లగా తవ్వండి అంకుల్. చెమటకి బట్టలు తడిస్తే రాత్రికి ఆరవు."

"రోజూ జిమ్‌కి వెళ్తానమ్మా. డోంట్ వర్రీ."

పావుగంటలో చొక్కా పిండితే నీళ్లు కారేలా తడిసింది.

పడుకునే అరుగు గుమ్మం కన్నా ఎత్తుగా ఉండాలి, చల్లగాలి కిందికి దిగిపోతుంది అన్నాను. "నేను చూసిన వీడియోలో అలా లేదే" అంటూ ఆయన గుమ్మం కన్నా లోతుకి తవ్వేశారు. మళ్లీ మంచు నింపి తొక్కేసరికి మూడు గంటల పని ఐదు గంటలైంది. మాధవి గారు మాత్రం మాట్లాడకుండా, చెప్పింది చెప్పినట్టు చేస్తూ పోయారు.

చివరికి పైకప్పులో పిడికిలంత కన్నం చేసి, పూడిపోకుండా అందులో స్కీ పోల్, అంటే మంచులో ఊతంగా పట్టుకునే కర్ర, నిలబెట్టాను. దీన్ని వెంట్ అంటాం. లోపల గాలి ఆడాలంటే అది ఉండి తీరాలి. "దీన్ని కదపొద్దు, స్టవ్ బయటే వెలిగించండి" అని మూడుసార్లు చెప్పాను.

కాస్త అవతల నా గుడారం వేసుకుని, చీకటి పడుతుండగా వెళ్లి చూస్తే పోల్ మంచు మీద పడి ఉంది. కన్నం మూసి ఉంది. పాక్కుంటూ లోపలికి దూరాను. స్టవ్ మీద టీ మరుగుతోంది. మాధవి గారు తల పట్టుకుని కూర్చున్నారు.

స్టవ్ ఆర్పి, ఆవిణ్ణి బయటికి లాగాను. ఆవిడ వాంతి చేసుకున్నారు. మూసిన చోట స్టవ్ మండితే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి వాసన ఉండదు. తలనొప్పి, మగత, ఆ తర్వాత మనిషి లేవడు.

వెనకాలే సుధాకర్ గారు తూలుతూ వచ్చారు. "అందులోంచి చల్లగాలి కొడుతోందమ్మా, సాక్సులు కుక్కాను. ఫైవ్ మినిట్స్ టీకే కదా."

నాకు అరవాలనిపించింది. అరవకుండా శాటిలైట్ ఫోన్ తీశాను. బయట ఈదురుగాలి తగ్గి, తెల్లవారితే గానీ రాలేమన్నారు రెస్క్యూ వాళ్లు. ఇద్దరినీ నా గుడారంలో పడుకోబెట్టి, గంటకోసారి లేపి చూశాను. పొద్దున్నే మంచుబండిలో క్లినిక్‌కి తీసుకెళ్లారు. ప్రమాదం తప్పింది.

బండి కోసం ఎదురుచూస్తున్నప్పుడు అడిగాను, "తలనొప్పి ఎప్పుడు మొదలైంది ఆంటీ?"

"టీ పెట్టిన కాసేపటికే. నువ్వు మూయొద్దన్నావని చెప్పాను. నాకు తెలుసులే అన్నారు. ఇంక నేను తలనొప్పి సంగతి ఎత్తలేదు."

రోజంతా నేను ఆయనతో వాదిస్తూ గడిపాను. ఆవిడతో విడిగా ఒక్క మాటా మాట్లాడలేదు. ఇప్పుడు ఎవరినైనా గుహలోకి పంపే ముందు, అందరిలోకీ తక్కువ మాట్లాడే మనిషిని పక్కకు పిలుస్తాను. "తల బరువుగా అనిపిస్తే ఎవరినీ అడగొద్దు. స్టవ్ ఆర్పేసి బయటికొచ్చి, నన్ను పిలవండి" అని చెబుతాను.