మూడు సంఘాలు ప్రార్థించిన నా గర్భసంచి

నాకు గర్భసంచి తీసేశారన్న కబురు చోడవరం బస్సులో పక్క సీటావిడ నాకే చెప్పింది. "పోన్లే అమ్మా, దేవుడు ఇంకో దారి సూపిస్తాడు" అంటూ నా చెయ్యి నిమిరింది. ఆవిడెవరో నాకు తెలీదు, నేను ఎవరి కూతుర్నో మాత్రం ఆవిడకి తెలుసు. ఒళ్లు మండిపోయింది.

ఇంటికొచ్చి అడిగితే సంగతి బయటపడింది. ఆపరేషన్‌కి ముందు అమ్మ నా స్కాన్ రిపోర్టు ఫొటో తీసి, మా చర్చి ప్రార్థన వాట్సాప్ గ్రూపులో పెట్టింది. మా చర్చి సంఘంలో ఎవరికి జ్వరమొచ్చినా ప్రార్థన మనవి పెట్టడం అలవాటే. జబ్బు పేరు సరిగ్గా తెలిస్తే ప్రార్థన కూడా సరిగ్గా తగులుతుందని అమ్మ నమ్మకం! ఎవరో దాన్ని రావికమతం సంఘానికీ, దేవరాపల్లి సంఘానికీ పంపారు.

"నీ మంచికే కదే గుంటా పెట్టేను! ఏటైపోయిందిప్పుడు?" అంది అమ్మ.

"నన్నడిగేవా?" అన్నాను. అమ్మ విసురుగా వంటింట్లోకి పోయింది. అలిగి అన్నం కూడా తినలేదు.

విశాఖలో నా ఉద్యోగమే యూరప్ కస్టమర్ల వివరాలు చూడటం. అక్కడి చట్టం గట్టిది. ముక్కూ మొహం తెలియని మనిషి 'నా వివరాలు తీసెయ్యండి' అని రాస్తే, ఉంచుకోడానికి సరైన కారణం లేకపోతే తీసెయ్యాల్సిందే. ఆరోగ్యం సంగతైతే మరీ జాగ్రత్త. ఎక్కడో జర్మనీలో ఎవరి మోకాలి నొప్పికో ఉన్న మర్యాద నా కడుపుకి లేదా? మన దేశంలోనూ చట్టం వచ్చింది గానీ, సొంత వాడకానికి వర్తించదు కాబట్టి అది మా అమ్మ ఫోను దాకా రాదట. రాకపోతే మానె, నాకు నోరుంది!

ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యాలు చెప్పే సమయంలో లేచాను. స్వస్థత సాక్ష్యం అనుకుని అందరూ "స్తోత్రం" అన్నారు.

"నా రిపోర్టు గ్రూపులోంచి తియ్యండి. మీ ఫోనుల్లోంచీ తియ్యండి, ఇప్పుడే. ఎవరికి పంపేరో వాళ్లకీ చెప్పండి" అన్నాను.

"ఒలమ్మ! ప్రార్థనకి సిగ్గేటే? మేం నీ మంచి కోరినోళ్లం కాదేటి?" అంది సంఘపెద్ద భార్య.

"మంచి కోరండత్తా. నా కడుపు లోపలి ఫొటో మీకెందుకు?"

పాస్టరు గారు మెల్లగా అన్నారు. "దేని కోసం ప్రార్థించాలో తెలియాలి కదమ్మా?"

"దేవుడికి తెలుసు కదా అయ్యగారూ. ఆయన రిపోర్టు అడిగేడా?"

ఒక్కరూ ఫోను బయటికి తియ్యలేదు. అప్పుడు అమ్మ లేచింది. అందరిముందూ నన్ను తిడుతుందనే అనుకున్నాను. తన ఫోను తీసి, కళ్లద్దాలు పైకి తోసుకుని, ఆ ఫొటో తీసేసింది. పక్కావిడ ఫోను కోసం చెయ్యి చాపింది.

"ఏటలా సూస్తన్నారు? నా గుంట తియ్యమంది. తియ్యండి."