మరకలు తీసే మనిషి ముఖం మీద మంగు

మా వీధి మూల లాండ్రీలో మరకలు తీసే అమ్మాయి ముఖానికి అంటురోగం వచ్చిందనీ, అక్కడ ఉతికిన బట్టలు తొడుక్కుంటే మనకూ అంటుకుంటుందనీ నెల్లాళ్లుగా ఒక మాట ఇంటింటికీ తిరుగుతోంది. ఆ మాట నా గుమ్మంలోకి వచ్చేసరికి ఆమె చేతులు కూడా నల్లబడ్డాయని కలిసింది. ఇక్కడి నుంచి పక్కింటికి వెళితే కాళ్లు కూడా కలుస్తాయి. అందుకే ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. ఆమెది అంటురోగం కాదు. మంగు.

ఆమెకు ముప్పై నాలుగేళ్లు. ఇద్దరు ఆడపిల్లలు, లారీ నడిపే మొగుడు. లాండ్రీలో తొమ్మిదేళ్లుగా పనిచేస్తోంది. మొదటి ఏడేళ్లూ వెనకగదిలో ఆవిరి ప్రెస్సు దగ్గరే నిలబడింది. మరకను చూడగానే అది టీయో, తుప్పో, పెన్ను సిరాయో చెప్పేస్తుందని ఓనరు ఆమెను ముందుకు తెచ్చి కౌంటరు దగ్గర కుర్చీ వేశాడు. అప్పటినుంచి అందరికీ ఆమె మరకలమ్మ. ఒకసారి ఒక పెద్దమనిషి చొక్కా కాలరు చూపించి కూర మరక అన్నాడు. "కూర కాదు బాబాయ్, పెదాల రంగు. పిన్నికి చెప్పమంటారా, నోరు మూసుకుని తీసెయ్యమంటారా?" అంది. ఆయన ఆ తర్వాత బట్టలు వేరేచోట వేస్తున్నాడు.

రెండో కాన్పు తర్వాత ఆమె రెండు చెంపల మీదా గోధుమరంగు మచ్చలు తేలాయి. ఒక చెంప మీద ఎలా ఉందో రెండో చెంప మీదా అలాగే. తర్వాత పైపెదవి మీదికీ పాకాయి. ఆ పిల్లది మొదటే చామనఛాయ, దాని మీద ఇవి ఇంకా ముదురుగా కనిపించేవి. మరెవరైనా అయితే ఏం చేసేవారో గానీ, ఆమె చేతులకు వచ్చిన పని ఒక్కటే. నిమ్మరసంలో వంటసోడా కలిపింది. కాలర్లు రుద్దే మెత్తని బ్రష్షు ఇంటికి తెచ్చుకుంది. గుడ్డ మీదైతే మరకను రుద్దకూడదని, అద్ది తియ్యాలని పదిమందికి చెప్పే మనిషి తన చెంపలను మాత్రం మంట పుట్టేదాకా రుద్దింది. మచ్చ నల్లబడింది. ఇంకా గట్టిగా రుద్దింది.

అప్పుడు తోడికోడలు ఒక ట్యూబు ఇచ్చింది. "వారంలో మెరిసిపోతావక్కా, నేను గ్యారంటీ!"

నిజంగానే మెరిసిపోయింది. మూడు వారాలు అద్దం ముందు నుంచి కదల్లేదు. ఆ తర్వాత ముఖం ఎర్రబడింది, ఎండలోకి వెళితే భగ్గుమనేది. భయపడి మానేస్తే మచ్చలు రెట్టింపయ్యి వచ్చాయి. ఒకావిడ కౌంటరు మీద పెట్టిన కోటు వెనక్కి లాక్కుంది. మర్నాడు ఇద్దరు. ఓనరు పిలిచాడు.

"ముఖం బాగయ్యేదాకా లోపల ప్రెస్సు చూసుకోమ్మా. నెలాఖరుకి తగ్గకపోతే ఆ కుర్చీలో మా మేనకోడల్ని కూర్చోబెడతాను. తప్పుగా అనుకోకు."

ఆ రోజు నుంచి ఆమెకు నిద్ర లేదు. పొద్దున లేవగానే అద్దం, మధ్యాహ్నం ఫోనులో ఫొటో. నిన్నటి ఫొటో పక్కన పెట్టి చూసుకునేది. "పెద్దమ్మా, ఈ అంచు కాస్త పలచబడినట్టు లేదూ?" అని నన్ను అడిగేది. నాకేమీ తేడా కనిపించేది కాదు. ఉందనేదాన్ని.

చివరికి చర్మం డాక్టరమ్మ దగ్గరికి బయలుదేరింది. తోడు రమ్మంది, వెళ్లాను. రమ్మనకపోయినా వెళ్లేదాన్నే. డాక్టరమ్మ దీపం దగ్గరగా పెట్టి చూసి, ట్యూబు చేతిలోకి తీసుకుంది.

"ఇందులో స్టెరాయిడ్ ఉంది. ఎవరు రాసిచ్చారు?"

"మా తోడికోడలండీ."

"ఆవిడ ఏ కాలేజీలో చదివింది?"

నాకు నవ్వొచ్చింది. ఆ పిల్ల నవ్వలేదు.

"ఇది పైన పడ్డ మరక కాదమ్మా, చర్మం లోపల తయారయ్యే రంగు. మన ఛాయలో అసలే ఎక్కువ. రుద్దినా, మండించినా ఇంకా తయారవుతుంది. ఎండే కాదు, కిటికీ వెలుతురు, పొయ్యి వేడి, ఆవిరి కూడా పనికిరావు. నువ్వేం పని చేస్తావు?"

ప్రెస్సు సంగతి చెప్పేసరికి డాక్టరమ్మ కలం ఆగిపోయింది. వెంటనే చీటీ రాసి సంతకం పెట్టింది, ఆవిరికి దూరంగా ఉంచాలని. తెల్లటి క్రీములు మన ముఖాన బూడిద పూసినట్టుంటాయని, ఒంటిరంగు కలిసిన ఎండక్రీము రాసింది. రెండు మూడు గంటలకోసారి మళ్లీ రాసుకోవాలట. రాత్రికి ఇంకొకటి, మచ్చ మీద పలచగా.

"నెలాఖరుకి పోతుందా అండీ?"

"తగ్గడానికే నెలలు పడతాయి. పూర్తిగా పోతుందని మాటివ్వలేను. జాగ్రత్త తప్పితే మళ్లీ వస్తుంది."

దారిలో ఆమె చీటీని రెండుసార్లు విప్పి చదువుకుంది. కౌంటరు కావాలంటే మచ్చలు తగ్గాలి. మచ్చలు తగ్గాలంటే ప్రెస్సు వదలాలి. చీటీ చూపిస్తే ఓనరు అసలు పనే మాన్పిస్తాడేమోనని దాన్ని పర్సులో నాలుగు మడతలు పెట్టి దాచుకుంది. పది రోజులు ఆ ఆవిరిలోనే నిలబడింది, క్రీము చెమటలో కారిపోతుంటే తుడుచుకుని మళ్లీ రాసుకుంటూ.

నెలాఖరు సోమవారం, దానికి రెండు రోజులుందనగా నేను వెనకగదిలోకి వెళ్లాను. ప్రెస్సు బుస్సుమంటోంది. వీధంతా ఆమె గురించి ఏదో ఒకటి అంది గానీ, ఆమెను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. నేనూ అడగలేదు, ఊరికే ఫొటోలు చూసి తలూపాను. ఆ రోజు అడిగేశాను.

"ఒసేయ్, ఇవి తగ్గకపోతే ఏం చేస్తావే?"

ప్రెస్సు ఆపింది. ముఖం తుడుచుకుంది, రుద్దకుండా, అద్దుతూ.

"తగ్గకపోయినా సోమవారం ఆ కుర్చీలోనే కూర్చుంటాను పెద్దమ్మా. ఓనరు లెమ్మంటే చీటీ తీసి చూపిస్తాను. అప్పటికీ లెమ్మంటే ఏం చేస్తానో నాకే తెలీదు. మీరు మాత్రం ఆ రోజు నా పక్కన నిలబడి నా తరఫున మాట్లాడకండి. మీరు మొదలుపెడితే నాకు సందు దొరకదు."