సత్తు మీద గీత పడకుండా

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎక్కువ గారాబం దక్కింది నాకూ కాదు, మా తమ్ముడికీ కాదు, నీళ్ళ ఇంజనుకు. కిరసనాయిలుతో నడిచే చిన్న ఇంజను అది. వాన వస్తే మా నాయన తాను తడుస్తూ దానికి గొడుగు పట్టేవాడు. ఆయన్ని ఎగతాళి చేయనివాళ్ళు మా వీధిలో లేరు. కానీ ఉదయగిరి పక్కన మా పొలాలకు అప్పటికింకా కరెంటు రాలేదు. బావిలో నీళ్ళున్నా వాటిని పైకి తెచ్చే దిక్కు ఆ ఇంజనొక్కటే.

ఒక ఏడు వరి పొట్ట మీద ఉండగా అది మొరాయించింది. ఆ సమయంలో నీళ్ళు తప్పితే గింజ పాలు పోసుకోదు, చివరికి చేతికొచ్చేది తాలే. నాయన విప్పి చూస్తే, ఇంజను తలకాయకూ కింది భాగానికీ మధ్య గాలి పోకుండా వేసే అట్ట, అదే గ్యాస్కెట్టు, కాలిపోయి ఉంది. కొత్తది వేస్తే సరిపోతుంది. కానీ పాతది అడుగంటిన అన్నంలా తలకాయకు కరుచుకుపోయింది. ఆ తలకాయ ఇనుము కాదు, సత్తు, అంటే అల్యూమినియం. మనం వండుకునే సత్తు గిన్నెల సరుకే. అంతకుముందు ఏడు జలదంకి పక్కన మా మేనమామ ఇలాంటి అట్టనే ఉలితో గీకి సత్తు మీద గాట్లు పెట్టాడు. ఆ తర్వాత ఎన్ని కొత్త అట్టలు వేసినా గాట్లలోంచి గాలి తన్నేసేది. ఇదంతా తెలిసి కూడా, తలకాయను ఇంటికి మోసుకొచ్చాక మా నాయన ఉలే అందుకున్నాడు. కోపం వచ్చిన మనిషికి ఇంట్లో ఇంకే పనిముట్టూ కనపడదు కాబోలు.

ఆయన్ని ఆపింది మా పక్కింటి ఖాలా, అంటే వాళ్ళ ఉర్దూలో పిన్ని. కొండ కొయ్యతో గరిటెలూ చెంచాలూ చెక్కే ఇల్లు వాళ్ళది. మా అమ్మ గాబరా గోడ అవతలికి వినపడి, చేతిలో పని అట్లాగే పట్టుకుని వచ్చింది.

"కొత్త అట్ట లేకుండా పాతది గీకి ఏం చేస్తావన్నా? ముందు ఆత్మకూరు పోయి అది తెచ్చుకో. నువ్వొచ్చేదాకా దీన్ని మేం చూస్తాంలే," అంది.

మాట సబబుగానే ఉంది కనుక నాయన బస్సెక్కాడు. ఆయన వీధి మలుపు తిరిగాక ఖాలా ఫక్కున నవ్వింది. అట్ట ఎట్లాగూ కావాల్సిందే, కానీ ఆమెకు అంతకంటే ముందు కావాల్సింది ఆయన్నీ ఉలినీ విడదీయడం.

ముందు కిరసనాయిలులో తడిపిన గుడ్డను ఆ అట్ట మీద పరిచి చాలాసేపు వదిలేసింది. మా అమ్మ ఊరుకోలేక బూడిద, కొబ్బరి పీచు పట్టుకొచ్చింది.

"గిన్నె తోమినట్టు తోముతావా ఏంది? ఒక్క రవ్వ లోపల పడిందంటే ఇంజను అరిగిపోతాది," అని ఖాలా ఆమెను వెనక్కి పంపింది.

గుడ్డ నానేలోపు ఒక గట్టి కొయ్యముక్కను చెక్కి, అంచును గరిటె పెదవిలా పలచగా చేసింది. ఇనుముతో ఎందుకు గీకకూడదని అడిగితే, పోవాల్సినదాని కంటే గట్టిగానూ ఉండాల్సినదాని కంటే మెత్తగానూ ఉండేదే సరైన పనిముట్టని చెప్పింది. తర్వాత వేడినీళ్ళు పోసి, కొయ్యను దాదాపు పడుకోబెట్టి తోయడం నాకు నేర్పింది. మొదట ఏమీ కదలలేదు. నాకు ఏడుపొచ్చింది. ఆమె మళ్ళీ కిరసనాయిలు గుడ్డ వేసింది, మళ్ళీ వేడినీళ్ళు పోసింది. ఉన్నట్టుండి దోసె అంచులా ఒక పీలిక లేచి కొయ్య మీదికి వచ్చింది. నా ఆనందం చెప్పనలవి కాదు! కొయ్య అంచు మొద్దుబారినప్పుడల్లా ఆమె చెక్కి ఇచ్చేది, నేను తోసేదాన్ని. తెల్లటి సత్తు కొంచెం కొంచెంగా బయటపడుతుంటే మా వరి చేను నాకు అందులోనే కనిపించింది.

సాయంత్రం నాయన వచ్చేసరికి ఒక బోల్టు రంధ్రం పక్కన నల్లటి ముక్క ఒక్కటే మిగిలింది. ఆయన కొత్త అట్టను అమ్మ చేతికిచ్చి, నేరుగా ఉలి తీసుకున్నాడు.

"ఈ కాస్తకు పొద్దు గుంకిస్తారా? ఒక్క పోటుతో ఎగిరిపోతాది, జరుగు!"

నేను జరగలేదు. నా అరచెయ్యి తీసి ఆ నల్లటి ముక్క మీద పరిచేశాను. ఉలి నా వేళ్ళకు బెత్తెడు దూరంలో ఆగింది. మా నాయన ఎదుట అప్పటిదాకా గట్టిగా దగ్గి కూడా ఎరగను. అయినా చెయ్యి తీయలేదు. ఆయన నా ముఖం చూశాడు, చెయ్యి చూశాడు, ఉలి పక్కన పెట్టేశాడు.

ఆ ముక్క కూడా కొయ్యకే వచ్చింది. ఖాలా కళ్ళు మూసుకుని సత్తు మీద ఆ చివర నుంచి ఈ చివరకు గోరు జరిపింది. ఎక్కడా తగల్లేదు.

తెల్లారి పొలంలో అంతా బిగించి నాయన తాడు లాగాడు. ఇంజను రెండుసార్లు దగ్గి, మూడోసారి అందుకుంది. గొట్టంలోంచి నీళ్ళు ధారగా దూకి కాలవలో పడి, నెర్రెలిచ్చిన మడిలోకి పరిగెత్తాయి. ఖాలా చీర కుచ్చిళ్ళు ఎత్తి కాలవలో నిలబడింది. మా అమ్మ ఆమె మీద నీళ్ళు చల్లింది. నాయన నన్ను భుజానికెత్తుకుని గట్టు మీద పోయే ప్రతివాడితోనూ, "నా కూతురు నన్నే ఆపిందిరా!" అని గొప్పగా చెప్పాడు. ఆ ఏడు గింజ నిండుగా పాలు పోసుకుంది.

ఇంత వయసొచ్చినా ఆ రోజు నన్ను వదల్లేదు. అత్తగారింట్లో గానీ, బళ్ళో గానీ, బస్సులో గానీ ఎవరైనా కోపంతో చెయ్యెత్తితే నేను కేకలు వేయను. దెబ్బ ఎక్కడ పడబోతుందో అక్కడ నా అరచెయ్యి పెడతాను. ఇన్నేళ్ళలో దాని మీద కొట్టినవాడు ఒక్కడూ లేడు.