సింహాద్రిపురం ఆకు మందు

నేను చదివింది నాలుగో తరగతి. రాయడం ఇదే మొదలు, తప్పులుంటే సర్దుకోండి.

మాది ప్రొద్దుటూరు. మా ఆయన నాపరాళ్ల పాలిష్ పనికి పోతాడు. బీపీ ఉందని డాక్టరు రోజూ ఒక బిళ్ళ వేసుకోమన్నారు. ఒళ్ళు వేడి చేస్తోందని రెండు నెలల కింద ఆయన మానేశాడు. పోయిన వారం మిషను దగ్గరే కళ్ళు తిరిగి కూలబడ్డాడు. బిళ్ళ మానితే కాలూ చేయీ పడిపోతాయని డాక్టరు నాకు గట్టిగా చెప్పారు. ఆయన వినలేదు. సింహాద్రిపురం అవతల పల్లెలో ఒక పెద్దాయన ఆకు మందు ఇస్తాడట, అదే తింటానన్నాడు. ఆదివారం, పరగడుపున పోవాలి. బిళ్ళల అట్ట సంచి అడుగున దాచుకుని బయలుదేరాను.

అయిదున్నరకు బస్టాండుకు పోతే పులివెందుల బస్సు వెళ్ళిపోయింది. జమ్మలమడుగు బస్సెక్కాం. ఆడవాళ్ళకు ఉచితం కాబట్టి, ఆధార్ కార్డు చూపిస్తే నాకు సున్నా టికెట్టు ఇచ్చారు. జమ్మలమడుగులో ఉగ్గాని, బజ్జీ వాసన కొడుతోంది. ఆయన పస్తుంటే నేనెలా తింటాను? ఏడు గంటలకు ముద్దనూరు మీదుగా పులివెందుల పోయే బస్సు దొరికింది.

పక్క సీట్లో పెద్దముడియం నుంచి వచ్చిన ఒక అవ్వ కూర్చుంది. ఆమె కూడా అక్కడికే, మోకాళ్ళ నొప్పులకు.

"ఆకైతే యా చెట్టుదో కండ్లారా చూస్తాం. బిళ్ళ యాడ చేసినారో, ఏం కలిపినారో ఎవురికి తెల్సు?" అంది.

"ఇను, ఇను," అన్నాడు మా ఆయన నాతో. "నేను చెప్తే ఇంటాండావా?"

"నొప్పులు తగ్గినాయా అవ్వా?" అని అడిగాను.

"యాడ తగ్గినాయి! అయినా ఆసుపత్రిలో డాక్టరు తలకాయెత్తి నా మొగం చూసింది ల్యా. ఆకు మందిచ్చే ఈయప్ప అట్ల కాదు. కోడలు అన్నం పెడతాందా అని గూడా అడుగుతాడు."

పులివెందులలో బస్సు మారి, సింహాద్రిపురంలో ఆటో ఎక్కి, పదిన్నరకు చేరాం. మా ముందు చాలామంది ఉన్నారు. నీడ లేదు. ఆకలికి, ఎండకు నాకే కళ్ళు తిరిగాయి. పన్నెండుకు మా వంతు వచ్చింది.

పెద్దాయన మా ఆయన మణికట్టు పట్టుకుని వదల్లేదు. "ఊరగాయ తింటావా? నిద్ర పడతాందా?"

"పడ్డం ల్యా సామీ. చెయ్యి పడిపోతే ఈ యమ్మిని ఎవురు సాకుతారని భయం," అన్నాడు మా ఆయన. నాతో ఎన్నడూ అనని మాట.

"ఇంగ్లీషు మందు వాడతాండావా?"

"ల్యా సామీ, మానేసినా."

నేనిక ఆగలేకపోయాను. అట్ట తీసి పెద్దాయన ముందు పెట్టాను.

"మే! ఈడికి గూడా తెచ్చినావా?" అని మా ఆయన కళ్ళెర్ర చేశాడు.

పెద్దాయన అట్టను అటూ ఇటూ తిప్పి చూశాడు. "నా ఆకు నొప్పులకప్పా. బీపీకి నా కాడ ఆకు ల్యా. ఉందని చెప్తే పాపం నాకు తగుల్తాది." అట్టను మా ఆయన చేతిలో పెట్టి వేళ్ళు మూశాడు. "నా చేత్తో ఇస్తాండా. ముందు కడుపుకు తిని, ఇది మింగు. ఒక్క దినం గూడా నాగా పెట్టాకు. ఊరగాయ మాను."

మా ఆయన అట్టను రెండు చేతులతో కళ్ళకద్దుకున్నాడు.

సింహాద్రిపురంలో ఇడ్లీ తిని, నన్ను నీళ్ళడిగి మరీ మింగాడు. తిరుగు బస్సులో ముందు సీటాయన "ఏం మందు మామా?" అని అడిగాడు.

"పెద్దాయన ఇచ్చినాడు. శానా మంచి హస్తవాసి. అప్పుడే ఒళ్ళు సల్లబడింది."

రెండు నెలలుగా రోజూ నేను చేతిలో పెడుతున్నా ఆయన వద్దన్న బిళ్ళే అది. చెప్పే ఓపిక నాకు లేదు. ముద్దనూరు దాటకముందే ఆయన నా భుజం మీద నిద్రపోయాడు. భుజం తిమ్మిరెక్కినా కదల్లేదు.

మీరెవరైనా పోతే పొద్దున్నే మొదటి బస్సుకు పోండి. నీళ్ళు తీసుకుపోండి. వాడుతున్న బిళ్ళల అట్ట కూడా సంచిలో పెట్టుకోండి.