ఇద్దరు చాలన్న రోజుల్లో

మిరపకోతలు జోరుగా సాగుతున్న రోజుల్లో మొన్నొకసారి మా పిన్నిని చూద్దామని ఊరెళ్ళాను. మా ఊరు పొదిలికి దగ్గర. టీచరు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక గుంటూరులో స్థిరపడ్డాను గానీ, ఏడాదికోసారైనా ఆమె దగ్గర నాలుగు రోజులు ఉండి రాకపోతే నాకు తోచదు. పొద్దున్నే ఇద్దరం కాఫీ తాగుతూ టీవీ ముందు కూర్చున్నాం. రాష్ట్రంలో పిల్లలు తగ్గిపోతున్నారనీ, ఇలాగే ఉంటే రేపు పనిచేసే చేతులే ఉండవనీ, ఇద్దరితో ఆగకుండా ఇంకొకరిని కనండనీ ఒక పెద్దమనిషి ఎంతో ఆప్యాయంగా చెబుతున్నాడు. పిన్నికి ఎనభై దగ్గరపడ్డా చెవులు చురుకు. గ్లాసు కింద పెట్టి, "అమ్మాయ్, ముందు దాన్ని కట్టెయ్" అని, లేచి దొడ్లోకి వెళ్ళిపోయింది.

ఆమెకు ఎందుకంత కోపం వచ్చిందో నా ఈడు వాళ్ళకి కొంత తెలిసే ఉంటుంది. మనం పెరిగేటప్పుడు ఏ గోడ చూసినా కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణమే కదా. మనం ఇంతమందిమి ఉండటం వల్లే దేశం పేదగా ఉందని బడిలో చెప్పేవారు, రేడియోలో చెప్పేవారు, అందరికంటే గట్టిగా మా నాన్నగారు చెప్పేవారు. ఆయన మా ఊరి బడిలోనే టీచరు. చిత్రమేమిటంటే ఆయనకి మేం అయిదుగురం పిల్లలం. చివరి కాన్పులో మా అమ్మ చావుతప్పి బయటపడి, గర్భసంచి తీసేయించుకుంది కాబట్టి ఆయన ఆపరేషన్ చేయించుకోవలసిన అవసరం రాలేదు. బహుశా ఆ కాన్పు చూశాకే ఆయనకి ఆ మాటల మీద అంత నమ్మకం కుదిరిందేమో.

పిన్ని అంటే ఆయన తమ్ముడి భార్య. బాబాయి చదువుకోలేదు, ఉన్న పొలంలో కంది, పత్తి వేసుకునేవాడు. అన్నగారంటే భక్తి. ఏ విత్తనం వేయాలో కూడా వచ్చి అడిగేవాడు, నాన్నగారికి విత్తనాల సంగతి ఏమీ తెలియకపోయినా. బాబాయికి ఒక కొడుకు, ఒక కూతురు. కొడుకు మహా అల్లరివాడు, పత్తి బస్తాల మీద ఎక్కి గెంతుతుంటే వాణ్ణి దింపడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చేది.

ఒక ఏడాది టీచర్లంతా ఊళ్ళ మీద పడి ఆపరేషన్లకి మనుషుల్ని తీసుకురావాలని, తేనివాళ్ళ జీతాలు ఆపేస్తామని పైనుంచి హుకుం వచ్చింది. నాన్నగారు ఇల్లిల్లూ తిరిగారు. ఆయన్ని దూరంగా చూడగానే మగవాళ్ళు కందిచేలల్లోకి దూరిపోయేవాళ్ళు. నిన్నటిదాకా ఎదురొచ్చి దణ్ణం పెట్టినవాళ్ళు అలా తప్పుకుపోతుంటే ఆయన అన్నం కూడా సరిగ్గా తినేవారు కాదు. ఆఖరికి ఒకరోజు సాయంత్రం మా అరుగు మీదే బాబాయిని కూర్చోబెట్టుకున్నారు. నేను అప్పుడు టీచరు ట్రైనింగులో ఉండి సెలవులకి వచ్చాను, వాకిట్లో మల్లెచెట్టుకి నీళ్ళు పోస్తూ విన్నాను.

"ఒరేయ్, బంగారంలాంటి కొడుకు, కూతురు. ఇంకేం కావాలిరా నీకు? ఇద్దరైతే బాగా చదివించుకోవచ్చు. పొలం ముక్కలవదు" అన్నారు నాన్నగారు.

"నువ్వు చెప్పాక నేను ఆలోచించేదేముంది అన్నయ్యా" అన్నాడు బాబాయి.

పిన్నిని ఎవరూ అడగలేదు.

ఆపరేషన్ల రోజు మా పక్క ఊరి ఆస్పత్రి పెళ్ళివారిల్లులా ఉంది. ఎప్పుడూ మేకలు పడుకునే ఆ వరండా కడిగి, ముందు షామియానా వేసి, జనరేటరు పెట్టి, ఒంగోలు నుంచి జీపుల్లో డాక్టర్లని, నర్సుల్ని దించారు. వచ్చినవాళ్ళకి భోజనాలు కూడా. నేను ఫ్లాస్కులో కాఫీ పట్టుకెళితే బాబాయి మంచం మీద నవ్వుతూ పడుకుని ఉన్నాడు. మన ఊళ్ళకి ఇంతమంది డాక్టర్లు ఎప్పుడొచ్చారే, మనం కూడా మనుషులమైపోయాం అన్నాడు. నాన్నగారు ఆ రోజు సంతోషంగానే ఉన్నారు. గండం గడిచిందన్న సంతోషం ఒక్కటే కాదు, తమ్ముడికి మేలు చేశానని ఆయన మనస్ఫూర్తిగా నమ్మారు.

మరుసటి ఏడు వర్షాల్లో పిల్లవాడికి జ్వరం వచ్చింది. మొదటి రోజు మామూలు జ్వరమే అనుకున్నారు. రెండోరోజు కళ్ళు తేలేసి ఫిట్సు రావడం మొదలైంది. బండి కట్టి అదే ఆస్పత్రికి తీసుకెళితే తలుపులకి తాళం వేసి ఉంది, వరండాలో మళ్ళీ మేకలు. డాక్టరుగారు సంతరోజున వస్తారని పక్కింటివాళ్ళు చెప్పారు. అక్కడినుంచి మెయిన్ రోడ్డుకి వచ్చి, బస్సు కోసం వానలో నిలబడి, ఒంగోలు బయలుదేరారు. చీమకుర్తి దాటకముందే పిల్లవాడు పిన్ని ఒళ్ళోనే పోయాడు. మెదడువాపు అని తరువాత ఎవరో చెప్పారు. ఆ కబురు తెలిసినప్పుడు నాన్నగారు బడిలో ఎక్కాలు చెప్పిస్తున్నారట. పిల్లల్ని ఇంటికి పంపకుండానే లేచి నడుచుకుంటూ వచ్చేశారు.

పదకొండోరోజు అందరూ భోజనాలు చేసి వెళ్ళాక నాన్నగారు పిన్ని ఉన్న గది గుమ్మం దగ్గర నిలబడి, మా చిన్న తమ్ముణ్ణి దత్తత ఇస్తానమ్మా అన్నారు. పిన్ని తలెత్తి చూసింది.

"మీ పిల్లాడు నాకెందుకు బావగారూ. ఆపరేషన్‌కి అంతమంది డాక్టర్లని పిలిపించారే, నా బిడ్డకి జ్వరమొస్తే ఒక్కణ్ణి పిలిపించలేకపోయారా?"

బడిలో టీచరు డాక్టర్లని పిలిపించగలిగినవాడు కాదు. కానీ అడగడానికి ఆమెకు ఎదురుగా ఉన్న ప్రభుత్వం ఆయన ఒక్కరే.

తరువాత బాబాయి గుంటూరు పెద్దాస్పత్రికి వెళ్ళి, కత్తిరించినది మళ్ళీ అతికించమని అడిగాడు. అతికించారు గానీ పిల్లలు కలగలేదు. అయినా ఆయన చివరిదాకా మా ఇంటికి వచ్చి ఏ విత్తనం వేయాలో అడుగుతూనే ఉన్నాడు. నాన్నగారే తమ్ముడి ముఖంలోకి చూడలేకపోయేవారు. మళ్ళీ ఒక్కరినీ ఆపరేషన్‌కి తీసుకెళ్ళనని తెగేసి చెప్పినందుకు ఆయన్ని పిడుగురాళ్ల వైపు బదిలీ చేశారు. అక్కడి సున్నపు బట్టీల పొగలో దగ్గు తెచ్చుకుని తిరిగి వచ్చారు.

నాన్నగారు చెప్పినదంతా అబద్ధమని నేను అనలేను. అదే నాకు మరీ చేదు. నా చేతుల మీదుగా వెళ్ళిన ఆడపిల్లలు ఎంతోమంది, ఇంట్లో ఇద్దరే కాబట్టి కాలేజీ ముఖం చూశారు. మా అమ్మలా చావుతప్పి బయటపడే కాన్పులు తగ్గాయి. బోర్లు పడ్డాయి, మిరప వచ్చింది, ఊళ్ళో పూరిల్లు లేదు. ఆ మూలపడ్డ ఆస్పత్రి కూడా ఇప్పుడు పలకరాళ్ళు పరిచిన మేడ అయింది, డాక్టరు రోజూ వస్తాడు. ఇవన్నీ వచ్చాయి. కానీ ముందు మీరు తగ్గండి, తరువాత మేము వస్తామన్నట్టు వచ్చాయి. పిల్లలు బతుకుతారన్న ధీమా ముందు ఇచ్చి ఉంటే, ఇద్దరు చాలని మా బాబాయికి ఎవరూ చెప్పవలసిన పనే ఉండేది కాదు.

ఆ మధ్యాహ్నం పిన్నితో కలిసి చేనుకి వెళ్ళాను. ఇప్పుడు వ్యవసాయం చూసుకునేది ఆమె కూతురే. ఊళ్ళో కోతకి మనుషులు లేక కర్నూలు వైపు నుంచి కూలీలని పిలిపించింది. గట్టున టార్పాలిన్ పట్టాలతో వేసుకున్న డేరాలు, వాటి చుట్టూ పిల్లలు, కారం ఘాటుకి ముక్కులు తుడుచుకుంటూ ఆడుకుంటున్నారు. చంకలో పసివాడితో కాయలు కోస్తున్న ఒకామెకి పిన్ని మజ్జిగ పోసింది.

"ఎంతమందే నీకు?"

"ముగ్గురవ్వా."

"మరి పెద్దవాళ్ళు బడికి పోరూ?"

"కోతలు అయ్యేదంకా యాడ బడి అవ్వా?"

పిన్ని పసివాడి కళ్ళలోకి ఎండ పడకుండా కొంగు అడ్డం పెట్టి నిలబడింది.

నేను తలెత్తితే ఎదురుగా మా బడి కనిపించింది. ఒకప్పుడు కూర్చోవడానికి చోటు చాలక చింతచెట్టు కింద కూడా పాఠాలు జరిగిన బడి. పిల్లలు లేరని దాన్ని పక్క ఊరి బడిలో కలిపేసి గేటు మూసేశారు. పిల్లలేమో ఇక్కడ చేలో ఉన్నారు. ఆ గేటుకీ ఈ గట్టుకీ మధ్య ఉన్నది ఒక్క తారురోడ్డు. మా రోజుల్లో అది మట్టిబాట, వానొస్తే మోకాలిదాకా దిగబడేది. పుస్తకాలు నెత్తిన పెట్టుకుని, మేము దాన్ని దాటి బడికి వెళ్ళేవాళ్ళం.