పొంగలి ముందే పెట్టేయండి

నా చిన్నప్పుడు మా పాకాలలో తిరుమల స్వామికి ఇష్టమైన పెరటాసి నెల వచ్చిందంటే ప్రతి శనివారం సాయంత్రం భజన గుడిలో మా అవ్వ పురాణం చెప్పేది. కథ ముగిశాకే పొంగలి పంచడం ఆచారం. సగం మంది ఆ పొంగలి కోసమే కునికిపాట్లు పడుతూ కూర్చుంటారని అవ్వకు తెలుసు. ఆమె బాధ అదే.

ఆ ఏడు ఊరి బయట డేరా సినిమా వెలిసింది. భజన వాళ్లెవరూ అటు పోకూడదని గుడి పెద్దాయన కట్టడి చేశారు. అవ్వ మాత్రం అందరూ చూస్తుండగానే, నుదుటి నామం చెరపకుండా, నా చేయి పట్టుకుని మొదటి ఆటకు తీసుకెళ్లింది.

తెర మీద ఒక తల్లికి కొడుకు పోయిన కబురొచ్చింది. ఆమె ఏడవలేదు. చంకలోని బిందె జారింది. నీళ్లు వాకిట్లోని ముగ్గును చెరుపుకుంటూ పారాయి. డేరా అంతా వెక్కివెక్కి ఏడ్చింది.

"సూస్తివా పాపా! ఆమె శోకించెను అని ఎవురన్నా చెప్పినారా? నీళ్లే చెప్పినాయి. నేను ఇన్నేండ్లూ చెప్పి చెప్పి జనాన్ని నిద్రపుచ్చినా" అంది అవ్వ, కళ్లు తుడుచుకుంటూ.

తర్వాతి శనివారం పెద్దాయన, అవ్వ కూర్చుని పురాణం చెప్పే పీటకు అడ్డంగా నిలబడ్డారు.

"సినిమా సూసొచ్చిన నోటితో పురాణమా అక్కా? ఇంక ఈ పీట నీది కాదు."

"నిద్రపోతా వింటే మాత్రం పుణ్యమా అబ్బా? నైవేద్యం అయిపోయిండాది కదా, పొంగలి ముందే పెట్టేయండి. తిన్నాక ఒక్కరు లేచిపోయినా ఈ పీట నేనే వదిలేస్తా."

పెద్దాయన విసురుగా పోయి గుమ్మంలో నిలబడ్డారు. ఆకుల్లో పొంగలి పెట్టారు. అందరూ తిన్నారు. మా వీధి శెట్టిగారు చేయి కడుక్కోవడానికి లేవనే లేచారు.

ఏటా ఏనుగూ మొసలీ కథను అవ్వ ఏనుగు పూర్వజన్మతో మొదలుపెట్టేది. ఆ రోజు, "మడుగులో నీళ్లు ఎర్రబడినాయి" అంది. శెట్టిగారు ఆగిపోయారు. మొసలి లాగుతోంది. నీళ్లు ఏనుగు మెడదాకా వచ్చాయి. అది ఎంత ఏడ్చిందో అవ్వ చెప్పలేదు. దేవుడి కోసం తొండంతో ఎత్తిపట్టిన తామరపువ్వు మాత్రం తడవలేదంది. అని ఊరుకుంది.

శెట్టిగారు ఎంగిలి చేత్తోనే కూలబడ్డారు.

"దేవుడొచ్చినాడా లేదా? చెప్పక్కా!" గుమ్మంలోంచి అరిచింది పెద్దాయనే.

ఇప్పుడు నేనూ భక్తి కథలు రాస్తున్నాను. సినిమా వాసన కొడుతోందని మా భజన వాళ్లే కొందరు విసుక్కుంటారు. విసుక్కోనీ. తెర దగ్గర నేర్చుకున్నది దేవుడికి పనికిరాదని ఏ శాస్త్రంలోనూ నేను చదవలేదు. 'ఆర్తితో మొరపెట్టెను' అని రాయబోయిన ప్రతిసారీ దాన్ని కొట్టేసి, తడవని పువ్వు కోసం వెతుకుతాను. గుడిలో నేను కథ చెప్పే రోజున ప్రసాదం ముందే పంచిపెట్టమంటాను. పోయేవాళ్లు పోవచ్చు.