తేమ వైపు ముప్పావు

1986 సీజన్లో పోయినవి ఇవి: మా కోల్డ్ స్టోరేజీ లోపల బూజు పట్టి పదహారు బస్తాల మిరపకాయ; గేటు దగ్గర మేం తిప్పి పంపితే దారిలో వాన పాలై పదకొండు; పేరయ్య గారి ఉద్యోగం, దాదాపుగా. రిజిస్టరుకెక్కింది ఆ పదహారే.

అప్పుడు నేను గుంటూరులో ఆ స్టోరేజీకి క్వాలిటీ సూపర్‌వైజరుని. పేరయ్య గారు గ్రేడరు. ప్రతి బస్తాలోంచీ గుప్పెడు కాయ తీసి చెవి దగ్గర ఆడించేవారు. ఎండిన కాయలో గింజలు గలగలమంటాయి. తేమ కాయ పలకదు. ఆ గుప్పెడు నమూనాగా మూత బిగించిన డబ్బాలో చీటీ వేసి దాచడం నా పని.

మార్చిలో బూజు బయటపడింది. తేమ కాయని లోపలికి వదిలిన తప్పు పేరయ్య గారిదన్నారు. అప్పట్నుంచీ ఆయన ఎడాపెడా తిప్పి పంపడం మొదలుపెట్టారు. పెదకాకాని రైతు కోటేశ్వరరావు బండి మీంచే కేకేశాడు: "ఏం పేరయ్యా, చెవుల్లో దూది పెట్టుకున్నావా? నా కాయ మోగట్లా?" అయినా పదకొండు బస్తాలూ వెనక్కి వెళ్ళాయి. ఊరు చేరకముందే వాన.

"ముసలాయనకి చెవులు పోయాయండీ, మాన్పించేద్దాం" అన్నారు మేనేజరు గారు. వారం గడువు అడిగాను.

ముందు ఏడాది సరదాకి పేరయ్య గారికి పెట్టిన పరీక్ష కాగితం నా దగ్గరుంది. యాభై తేమ సంచులు, యాభై ఎండు సంచులు కలగలిపి ఇస్తే, తేమవాటిలో నలభై రెండు పట్టుకున్నారు. ఎండువాటిలో ఎనిమిదింటిని తేమ అన్నారు. మళ్ళీ అదే పరీక్ష పెట్టాను. ఈసారి నలభై ఎనిమిది పట్టుకున్నారు, కానీ ఇరవై ఎండు సంచుల్ని తేమ అన్నారు. మొదటి అంకె చూస్తే చెవి పదునెక్కినట్టు, రెండోది చూస్తే పోయినట్టు. రెండూ కలిపి చూడాలి.

ఆ వంతుల్ని స్టాటిస్టిక్స్ పుస్తకం వెనక పట్టిక చూసి, గంట ఆకారపు గీత మీద స్థానాలుగా మార్చాను. వాటి మధ్య దూరమే పసిగట్టే శక్తి: రెండేళ్ళూ రెండే, అంటే చెవి మారలేదు. వాటి సగటుకి గుర్తు మారిస్తే వచ్చేది మొగ్గు: అప్పుడు సున్నా, ఇప్పుడు మైనస్ ముప్పావు. మైనస్ అంటే తేమ అనేయడం వైపు.

పేరయ్య గారికి చెప్తే నవ్వారు. "ఇనపడతానే ఉందయ్యా. ఎండిందని చెప్పడానికే నోరు రావట్లా. మళ్ళీ బూజొస్తే నా మెడకే గదా చుట్టేది!"

మేనేజరు గారు కాగితం రెండుసార్లు చదివి ఆయన్ని ఉంచారు. తిప్పి పంపే ముందు నమూనాని ఓవెన్లో ఆరబెట్టి ఎంత బరువు తగ్గిందో తూచాలని, ప్రతి నిర్ణయం కింద నా సంతకం కూడా ఉండాలని రూలు పెట్టారు. ఆ సీజను అయ్యేసరికి మొగ్గు సున్నా దగ్గరికి వచ్చింది. ఇప్పటికీ బజార్లో మిరపకాయ కొంటే నా చెయ్యి దానంతటదే చెవి దగ్గరికి వెళ్తుంది.

లోపల పాడైనవే లెక్కిస్తే, గేటు దగ్గర మనిషి అన్నిటినీ కాదనడమే నేర్చుకుంటాడు. నేను తెలుసుకున్నది అది.

కోటేశ్వరరావు బస్తాల నమూనాలు కూడా తూచాను. ఆయన మళ్ళీ మా గేటుకి రాలేదు. నేనూ వెళ్ళి చెప్పలేదు. పదకొండులో ఎండినవి ఎన్నో ఆయనకి చెప్పడం ఇవాళ్టికీ బాకీ: తొమ్మిది.